అలలు లేని ఊరిలో

మంజీరా నదికి వరద వస్తుంది గాని కెరటాలు రావు. సంగారెడ్డి నుండి ఏ సముద్రతీరానికి చేరాలన్నా వందల కిలోమీటర్లు ప్రయాణించవలసిందే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలలో షిఫ్టు మారినప్పుడల్లా కదిలే జనప్రవాహమే ఇక్కడివారు ఎరిగిన ఆటుపోటు. లేచే కెరటాన్ని కనిపెట్టి, పొడవైన పలకపై నిలిచి, ఒడ్డుదాకా జారివచ్చే సర్ఫింగ్ అనే క్రీడ ఈ ప్రాంతపు విద్యార్థులకు టీవీలో కనిపించే దృశ్యం మాత్రమే.

ఆ క్రీడకు ఒక ధర్మకార్యంతో చుట్టరికం ఏర్పడింది. అమెరికాలోని అల్జైమర్స్ అసోసియేషన్ ఏటా జూన్ మాసంలో, పగలు అత్యంత దీర్ఘంగా ఉండే రోజును పురస్కరించుకొని ‘ది లాంగెస్ట్ డే’ పేరిట నిధులు సేకరిస్తుంది. ఎవరికి ఇష్టమైన పనిని వారు ఎంచుకోవచ్చు. పేకాట ఆడేవారున్నారు, వంటలు చేసి అమ్మేవారున్నారు, అలలపై స్వారీ చేసేవారూ ఉన్నారు. పాల్గొనేవారు ముందుగానే బంధుమిత్రులను అర్థిస్తారు. పోగైన సొమ్ము డిమెన్షియా రోగుల సంరక్షణకు, పరిశోధనకు చేరుతుంది. జ్ఞాపకశక్తిని, ఆలోచనను, క్రమంగా దైనందిన జీవితాన్నే హరించే రుగ్మతల సముదాయం డిమెన్షియా. వాటిలో ప్రధానమైన దానిని 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ తొలిసారి వివరించాడు.

అలలపై తేలితే వ్యాధి ఎలా తగ్గుతుందని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అల రోగిని తాకదు. అయితే చేయి చాచి అడగడానికి మనిషి సంకోచిస్తాడు. ముందు తాను కొంత శ్రమపడితే ఆ సంకోచం తీరుతుంది. తెలుగునేలకు ఇది కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకన పోచంపల్లికి వచ్చి అడిగినప్పుడే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చాడు. భూదానోద్యమం ఆ నడకలో పుట్టింది.

ఈ వ్యాధి విషయంలో ధనం కంటె ముందు కావలసినది మరొకటి ఉంది. ముప్పై ఏళ్లు యంత్రం ముందు నిలబడి విశ్రాంతి పొందిన కార్మికుడు తెల్లవారుజామునే లేచి, పాత యూనిఫాం తొడుక్కొని, ఎన్నడో ఆగిపోయిన కంపెనీ బస్సు కోసం రహదారి పక్కన నిలబడతాడు. కోడలు వెళ్లి, “మామా, ఇయ్యాల సెలవట” అని చెప్పి ఇంటికి తీసుకువస్తుంది. కొడుకు మాత్రం కావాలనే చేస్తున్నాడని విసుక్కుంటాడు. ఇరుగుపొరుగు అడిగితే వయసు మీదపడిందంటారు. ఇటువంటి ఇంటిని ఊహించుకోవడం ఈ వాడలలోని వారికి కష్టం కాదు.

నన్నయ భారతంలో దుష్యంతునికి శాపం లేదు. శకుంతలను గుర్తించి కూడా, లోకాపవాదానికి వెరచి, ఎరుగనని బొంకాడు. కాళిదాసు నాటకంలోనైతే దుర్వాసుని శాపం వల్ల నిజంగానే మరచిపోయాడు. సభలో నిలిచిన శకుంతలకు ఆ రెండింటి భేదం తెలిసే వీలు లేదు. కార్మికుని కొడుకు స్థితీ అటువంటిదే. తండ్రిలో అతడు నన్నయ దుష్యంతుని చూస్తున్నాడు. ఎదుట ఉన్నది కాళిదాసు దుష్యంతుడు. ఉంగరం దొరికితే మరపు తొలగిపోయే సౌకర్యం మాత్రం ఈ వ్యాధిలో లేదు.

మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. వ్యాధిని గుర్తించడమే ఒక సమస్య. ఆంగ్లంలో రూపొందిన ఒక ప్రసిద్ధ పరీక్ష రోగిని ఒక వాక్యం రాయమంటుంది, ఒక ఆంగ్ల పదంలోని అక్షరాలను వెనుక నుండి చెప్పమంటుంది. బడి ముఖమే చూడని రైతు ఏ వ్యాధీ లేకుండానే అందులో తప్పుతాడు! అందుకే ఆ అక్షరాలకు బదులు వారాల పేర్లను వెనుక నుండి చెప్పించే హిందీ పరీక్షను మన దేశంలో రూపొందించారు. నిధులు ఖర్చయ్యేది ఖరీదైన యంత్రాలకే కాదు, ఇటువంటి ఓపికగల పనికి కూడా.

పరిశోధన అంటే విదేశాలలోనే జరిగేదని అనుకోనక్కరలేదు. పటాన్‌చెరు నుండి సిటీబస్సులో వెళ్లగలిగే దూరంలో, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను అధ్యయనం చేసి 2013లో ఫలితాలను ప్రకటించింది. రెండు గాని అంతకంటె ఎక్కువ గాని భాషలు మాట్లాడేవారిలో, ఒకే భాష తెలిసినవారి కంటె, వ్యాధి సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనిపించింది. చదువురానివారిలోనూ ఆ తేడా ఉంది. ఇంట్లో తెలుగు, అంగడిలో ఉర్దూ, పనిచోట హిందీ మాట్లాడే ఈ ప్రాంతపు జీవనమే ఆ పరిశోధనకు ఆధారమైంది. బహుభాషా పరిచయం వ్యాధిని నివారిస్తుందని దీని అర్థం కాదు; ఆ ఆలస్యానికి కారణాలపై పండితులు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. భాషలు మార్కుల కోసమే అనుకొనేవారు మాత్రం ఈ లెక్కను ఒకసారి గమనించడం మంచిది.

సెప్టెంబరు 21 ప్రపంచ అల్జైమర్స్ దినం. ఆ నెలలో మన నగరాలలో ‘మెమరీ వాక్’ పేరిట నడకలు జరుగుతుంటాయి. 1992లో కేరళలో ప్రారంభమైన అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీకి హైదరాబాదులోనూ శాఖ ఉంది. నడవడానికి పలక అక్కరలేదు, కెరటం అక్కరలేదు. పటాన్‌చెరులో అటువంటి నడక తలపెడితే, పట్టుకొనే అట్టల మీద ఆ వ్యాధి పేరును తెలుగులో, ఉర్దూలో, హిందీలో, పనికోసం దూరం నుండి వచ్చినవారి కొరకు ఒడియాలో కూడా రాయవలసి ఉంటుంది. ఇంటర్ విద్యార్థులు నలుగురు కూర్చుంటే ఆ పని ఒక మధ్యాహ్నంలో ముగుస్తుంది.