మందిరము కళ్లమైన చోట

యెరూషలేములో సొలొమోను మందిరము కట్టించిన స్థలము అంతకు ముందు ఒక రైతు కళ్లము. యెబూసీయుడైన ఒర్నాను అక్కడ తన కుమారులతో గోధుమలు నూర్చుకొనేవాడు. దావీదు రాజు ఆ కళ్లమును ఊరకనే తీసికొనక వెల యిచ్చి కొన్నాడు. ఎద్దులు తిరిగిన నేల మీద, పొట్టు ఎగిరిన గాలిలో దేవుని మందిరము లేచింది. పొలం పనులు చేసుకొనే మన కుటుంబాలకు ఈ సంగతి ఎంతో ఇష్టమైనది. పంట కృతజ్ఞతార్పణ పండుగలో ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పమంటారు.

ప్రియ పాఠకులారా, దీనికి ఎదురు దిక్కున నడిచిన చరిత్ర కూడా ఒకటి ఉన్నది. అక్కడ కళ్లము మందిరము కాలేదు. మందిరమే రైతు ఇల్లయింది. కొన్ని ఏండ్ల క్రితం ఇంగ్లండు దేశంలోని ఒక సంఘము వారు పిలువగా మేము వెళ్లినప్పుడు ఆ ఇల్లు చూచాము. కేంబ్రిడ్జి నుండి ఉత్తరంగా ఈలీ పట్టణానికి పోయే రోడ్డు పక్కన, వాటర్‌బీచ్ అనే ఊరు దాటిన తరువాత ఉంటుంది. పేరు డెన్నీ ఆబీ. ఆబీ అంటే మఠము. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు చిత్తడి నేల. కొంచెం మెరకగా ఉన్న చోటు చూచి మఠము కట్టుకున్నారు.

రోడ్డు మీద నుండి చూస్తే అది మఠమని ఎవరూ అనుకోరు. వరుసగా కిటికీలు, వాలు కప్పు, చుట్టూ గడ్డి నేల. కలిగిన రైతు ఇల్లులాగా ఉంటుంది. దగ్గరకు పోయి గోడను చూస్తే ఆశ్చర్యము. గోడలో పెద్ద రాతి కమానులు కనబడతాయి. మనిషికి రెండింతల ఎత్తున్న ఆ కమానులను రాళ్లతో మూసివేసి, ఆ మూసిన చోట కిటికీలు పెట్టారు. లోపలికి పోతే, పొయ్యి ఉన్న గదిలోనే గుడి స్తంభము నిలబడి ఉంటుంది. మేము చాలాసేపు ఆ గోడల దగ్గరే ఉన్నాము. ఆ ఇంటి కథ అంతా వాటిలోనే ఉన్నది.

1159లో ఈలీ మఠానికి చెందిన బెనెడిక్టు సభ సన్యాసులు అక్కడికి వచ్చారు. సిలువ ఆకారంలో గుడి కట్టడం మొదలుపెట్టారు. గుండ్రని కమానులు వారి నాటివే. పని పూర్తి కాకముందే, సుమారు పదేండ్లకే వారు వెళ్లిపోయారు. 1170 ప్రాంతంలో టెంప్లర్లు అనే సైనిక సన్యాసుల చేతికి ఆ చోటు వచ్చింది. వారు గుడిని పూర్తి చేసి, తమ సభలో వృద్ధులైనవారికి, రోగులకు ఆశ్రయముగా వాడుకున్నారు. 1308లో రాజాజ్ఞ మీద ఇంగ్లండులోని టెంప్లర్లందరినీ పట్టుకున్నారు. డెన్నీలో మంచం పట్టిన ముసలివారిని సహా విడువలేదు.

తరువాత 1327లో మూడవ ఎడ్వర్డు రాజు దానిని ఒక విధవరాలికి ఇచ్చాడు. ఆమె పేరు మేరీ ద సెయింట్ పోల్, పెంబ్రోక్ ప్రభువు భార్య. 1321లో పెండ్లి, 1324లో భర్త మరణము. అటు తరువాత 1377లో తాను చనిపోయేవరకు ఏబది మూడు సంవత్సరములు ఆమె విధవరాలిగానే జీవించింది. ఉన్న ధనమంతా దేవుని పనికి, చదువుకు పెట్టింది. కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కాలేజీని 1347లో స్థాపించినది ఈమెయే. డెన్నీకి క్లారా సభకు చెందిన కన్యాస్త్రీలను 1339లో తీసికొనివచ్చింది. పాత గుడి వారికి చాలదని దాని తూర్పు భాగము పడగొట్టించి, ఆ పక్కనే పెద్దదైన కొత్త గుడి కట్టించింది. మిగిలిన పాత గుడిలో మధ్యన అంతస్తు వేయించి, అడ్డగోడలు పెట్టించి తాను కాపురమున్నది. అనగా ఆ గుడి ఇల్లుగా మారడం రైతుతో మొదలు కాలేదు. దేవుని ప్రేమించిన ఒక స్త్రీతోనే మొదలయింది.

ఇక్కడ మన సంఘాలవారు తెలిసికొనవలసిన ఒక సంగతి ఉన్నది. డెన్నీలో చివరి మఠాధికారిణి ఎలిజబెత్ త్రాక్‌మార్టన్. బైబిలును ఇంగ్లీషులోనికి తర్జుమా చేసిన విలియం టిండేలుకు లండనులో తన ఇంట చోటిచ్చిన వ్యాపారి హంఫ్రీ మన్‌మత్. అందుకే 1528లో అతనిని చెరలో వేశారు. అప్పుడు అతడు పెట్టుకున్న విన్నపములో, ఎరస్మస్ రచించిన భక్తి గ్రంథము ఇంగ్లీషు ప్రతిని డెన్నీ మఠాధికారిణి అడిగితే పంపానని చెప్పుకున్నాడు. దానిని ఇంగ్లీషు చేసినది టిండేలే అంటారు. మఠాలలో అందరూ చీకటిలోనే ఉన్నారని మనము తేలికగా అనేస్తాము. ఆ నాలుగు గోడల మధ్య ఒక స్త్రీ, తన భాషలో దేవుని సంగతులు చదవాలని ప్రమాదకరమైన ఆ పుస్తకమును అడిగి తెప్పించుకున్నది.

1536 మొదలు 1540 వరకు ఎనిమిదవ హెన్రీ రాజు దేశంలోని మఠాలన్నీ మూయించాడు. సుమారు 800 మఠాలు పోయాయి. సంస్కరణ అన్న పేరు ఉన్నా మఠాల భూముల మీద ఆశ కూడా అందులో ఉన్నది. 1539 నాటికి డెన్నీ ఖాళీ అయింది. ఎలిజబెత్ ఇద్దరు ముగ్గురు సహోదరీలతో కోటన్ అనే చోట తన బంధువుల ఇంటికి చేరి, 1547లో మరణించేవరకు ప్రార్థన మానలేదు. డెన్నీ మఠపు తలుపు ఒకటి ఆ కోటన్ ఇంటిలో ఉన్నది. దాని మీద ఆమె పేరు చెక్కి ఉన్నది. బీదలకు దానము అందించడానికి అందులో చిన్న కంత కూడా ఉన్నది. ఆ కంత దగ్గరకు రోజూ వచ్చినవారు మఠము మూసిన మరునాడు ఎక్కడికి పోయి ఉంటారో చరిత్ర పుస్తకాలలో లేదు.

తరువాత భూమి రైతుల వశమయింది. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. అక్కడ ఆనాటికి రెండు గుడులున్నాయి గదా. ఒకటి పాతది, సగము పడగొట్టబడినది, గదులు గదులుగా చీల్చబడినది. రెండవది కొత్తది, పెద్దది, అందమైనది. ఆ కొత్త గుడిలోని బలిపీఠము ఎదుటనే మేరీ ద సెయింట్ పోల్‌ను పాతిపెట్టారు. ఈ రెండింటిలో ఏది నిలిచింది? పాతదే నిలిచింది. కొత్త గుడి రైతుకు దేనికీ పనికిరాలేదు. దానిని పడగొట్టి రాళ్లు పట్టుకుపోయారు. ఆ స్త్రీ సమాధి కూడా జాడ లేకుండా పోయింది. పాత గుడిలో పొయ్యి రాజేయవచ్చు, పిల్లలను పడుకోబెట్టవచ్చు. అందుచేత దాని కప్పు కారితే ఎవరో ఒకరు ఎక్కి బాగు చేశారు. కన్యాస్త్రీల భోజనశాల కూడా అట్లే మిగిలింది. వాక్యము చదువుచుండగా వారు మౌనంగా భోంచేసిన ఆ సాల ధాన్యపు కొట్టమయింది. మఠము నాటి నేల పలకలు కొన్ని అక్కడ ఇంకా ఉన్నాయి.

అలా సుమారు నాలుగు వందల ఏండ్లు రైతు కుటుంబాలు అక్కడ బ్రతికాయి. 1928లో పెంబ్రోక్ కాలేజీవారే ఆ స్థలము కొన్నారు. స్థాపించిన తల్లి ఇల్లు మళ్లీ ఆమె పిల్లల చేతికి వచ్చినట్టయింది. 1947లో వారు దానిని ప్రభుత్వ సంరక్షణకు అప్పగించారు. 1960ల వరకు అక్కడ వ్యవసాయదారులు కాపురమున్నారు. వారు వెళ్లిన తరువాత పైపూతలు, అడ్డుగోడలు కొన్ని తీయగా లోపలి కమానులు బయటపడ్డాయి. 1997లో ఆ ఆవరణలోనే వ్యవసాయ పనిముట్ల మ్యూజియం తెరిచారు.

ఈ సంగతులు మాకు ఊరకనే గుర్తు రాలేదు. మా పరిచర్య క్రింద ఉన్న ఒక పల్లెలో తాతల నాటి రాతి మందిరము ఒకటి ఉన్నది. ఒకప్పుడు ముప్పది కుటుంబాలు ఆరాధించేవి. ఇప్పుడు ఏడు కుటుంబాలే మిగిలాయి. తక్కినవారు హైదరాబాదుకో, గల్ఫుకో పోయారు. పోయిన సంవత్సరము కోతల వేళ అకాల వర్షము పట్టుకున్నది. ఒక విధవరాలి ధాన్యము కళ్లంలోనే తడిసిపోతున్నది. ఆమె వచ్చి, “అయ్యగారూ, బస్తాలు గుడిలో పెట్టుకోనిస్తారా?” అని అడిగింది. పెద్దలలో ఇద్దరు ససేమిరా వద్దన్నారు. ప్రతిష్ఠించిన స్థలమును గాదె చేస్తారా అన్నారు. వారి మాటలో భక్తి ఉన్నది. దానిని మేము తక్కువ చేయము. అయినా తలుపు తెరిపించాము. ఆదివారము బస్తాల మధ్యనే కూర్చున్నాము. తడి వడ్ల వాసనలో ప్రార్థన చేశాము. ఆ వారము కూడికకు ఎన్నడూ రాని పొరుగువారు నలుగురు వచ్చారు. బస్తాలు మోయడానికి వచ్చి, కూర్చుండిపోయారు.

ఆ మందిరము సంగతి ఇంకా తేలలేదు. పడగొట్టి స్లాబు వేద్దామని పట్టణంలో ఉన్నవారు డబ్బు పంపుతామంటున్నారు. ఉన్నదానినే బాగు చేసికొందామని ఊరిలో ఉన్నవారు అంటున్నారు. వద్దన్న ఆ పెద్దలిద్దరు ఇప్పటికీ మాతో ముభావంగానే ఉన్నారు. ఏది మంచిదో ప్రభువు చూపించునని కనిపెట్టుచున్నాము. డెన్నీ చూచి వచ్చినప్పటినుండి మాత్రము మేము పెద్దలను ఒక ప్రశ్న అడుగుతున్నాము. స్లాబు ఎంత, టైల్సు ఎంత అని లెక్క వేయకముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. సోమవారము నుండి శనివారము వరకు ఈ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది? చదువుకొనే పిల్లలకా? వానలో తడిసే ధాన్యానికా? ఎవరికీ కాకపోతే, ఎంత అందముగా కట్టినా దాని రాళ్లకు భద్రము లేదు.

గోడలు నిలవడమే గొప్ప అని మేము అనడము లేదు. ప్రార్థించే మనుష్యులు లేని గుడి, ఎంత చక్కగా కాపాడినా, చూడవచ్చినవారి కొరకే. డెన్నీలో ఇప్పుడు ఉన్నది అదే. అయితే తన కప్పు క్రింద ఒక పొయ్యి వెలగనిచ్చి, ఒక రైతు పంటను తడవనివ్వని గుడి, దేవుని మందిరమునకు తగని పని చేసిందని అనలేము. ఒర్నాను కళ్లమును మందిరము చేసిన దేవుడు, తన మందిరములో వడ్ల బస్తాలు కనబడితే కోపించునా? ప్రియులారా, మీ ఊరి మందిరము గూర్చి మీ ఇంటిలో, మీ సంఘములో ఈ మాట కూడి మాటలాడుకొనండి.