తుపాకీ అడిగితే... గిటార్ కొనిచ్చింది!

పుట్టినరోజుకి అది కావాలి, ఇది కావాలి అని పిల్లలు మారాం చేయడం, 'అదొద్దు కన్నా, ఇంకోటి కొనుక్కో' అని అమ్మ బుజ్జగించడం ఏ ఇంట్లో అయినా ఉండేదే. అమెరికాలోని ఓ చిన్న ఊళ్లో, ఇనుప సామాన్లు అమ్మే కొట్టులో జరిగిన అలాంటి ముచ్చటే ఒకటి ఆ ఊరికి శాశ్వతంగా పేరు తెచ్చిపెట్టింది. ఆ పిల్లాడు ఎల్విస్ ప్రెస్లీ. ఆ ఊరు టుపెలో!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు నయాగరా, న్యూయార్క్, వైట్‌హౌస్ చూసి వస్తుంటారు. కాస్త పాటల పిచ్చి ఉన్నవాళ్లయితే మెంఫిస్ దాకా వెళ్లి ఎల్విస్ బంగళా గ్రేస్‌ల్యాండ్ కూడా చూస్తారు. అక్కణ్నుంచి ఆగ్నేయంగా 160 కిలోమీటర్లు, కార్లో గంటన్నర ప్రయాణం చేస్తే వచ్చేదే టుపెలో. మిసిసిపీ రాష్ట్రంలో 38 వేల జనాభా ఉన్న పట్టణం. గ్రేస్‌ల్యాండ్‌లో ఉన్న తళుకుబెళుకులేవీ ఇక్కడ కనిపించవు. కానీ ఎల్విస్ ఎక్కణ్నుంచి వచ్చాడో తెలియాలంటే మాత్రం ఇక్కడికి రావాల్సిందే.

ఊరి నడిబొడ్డున మెయిన్ స్ట్రీట్‌లో మూడంతస్తుల ఇటుకల భవనం కనిపిస్తుంది. అదే టుపెలో హార్డ్‌వేర్. 1926లో జార్జి బూత్ అనే ఆయన పెట్టిన కొట్టు. దశాబ్దాల పాటు ఆ కుటుంబమే నడిపింది. మేకులు, సుత్తులు, గొళ్లాలు, వ్యవసాయ పనిముట్లు, వంటపాత్రలు... అన్నీ అమ్మేవారు. వాటితోపాటే తుపాకులూ గిటార్లూ కూడా! మన ఊళ్లలో కిరాణా కొట్లోనే పలకలూ బలపాలూ టార్చిలైట్లూ దొరికేవి కదా, అలాగన్నమాట.

1946 జనవరి. ఎల్విస్‌కి 11 ఏళ్లు నిండాయి. తల్లి గ్లాడిస్ వాణ్ని వెంటబెట్టుకుని ఆ కొట్టుకి వచ్చింది. కౌంటర్ దగ్గర ఫారెస్ట్ బోబో అనే గుమాస్తా ఉన్నాడు. కుర్రాడి కళ్లు .22 రైఫిల్ మీద పడ్డాయి. అమ్మకి మాత్రం అది కొనడం ససేమిరా ఇష్టం లేదు. గిటార్ తీసుకోమంది. బోబో అద్దాల బీరువాలోంచి ఓ చిన్న గిటార్ తీసి వాడి చేతికిచ్చాడు. కుర్రాడు కాసేపు దాన్ని మీటి చూశాడు. తీరా చూస్తే తన దగ్గరున్న డబ్బు చాలదు. గిటారే కొనుక్కుంటే తగ్గినదంతా తను వేసుకుంటానంది తల్లి. దాంతో బేరం కుదిరింది.

33 ఏళ్ల తర్వాత, 1979లో, బోబో ఇదంతా ఓ ఉత్తరంలో రాశాడు. ఆ గిటార్ ధర 12.50 డాలర్లని అప్పటికే పత్రికల్లో వచ్చేసింది. కొట్లో పనిచేసిన మనిషి ఊరుకుంటాడా! ఆ రోజుల్లో అంత డబ్బు పెడితే చాలా మంచి గిటారే వచ్చేదని, తను అమ్మింది 7.75 డాలర్ల గిటారనీ, దాని మీద 2 శాతం పన్ను అదనమనీ ఉత్తరంలో సరిచేశాడు. ఎల్విస్ మాత్రం తాను అడిగింది సైకిల్ అని చెప్పేవాడు. సైకిలో తుపాకీయో గానీ, గిటార్ మాత్రం వాడు అడిగి కొనిపించుకున్నది కాదు. ఆ రోజు కుర్రాడు నిలబడిన చోట నేల మీద టేపుతో ఓ ఇంటూ గుర్తు పెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన అభిమానులు ఆ గుర్తు మీద నిలబడి ఫొటో తీయించుకున్నారు.

అమ్మ ఎందుకంత భయపడింది?

దీనికి జవాబు ఊరి తూర్పున ఉంది. ఒకప్పుడు ఈస్ట్ టుపెలో అని వేరే ఊరు అది. కూలీనాలీ చేసుకునేవాళ్లుండే చోటు. అక్కడ రెండంటే రెండే గదుల తెల్లటి చెక్క ఇల్లు ఒకటుంది. ముందు గదిలోంచే వెనక గదిలోకి వెళ్లాలి, రైలుపెట్టెలా. ఇలాంటి వాటిని అమెరికా దక్షిణాదిన 'షాట్‌గన్ హౌస్' అంటారు. వీధి గుమ్మంలో తుపాకీ పేలిస్తే గుండు ఏ గోడకీ తగలకుండా పెరటి తలుపులోంచి బయటికి పోతుందట, అందుకని ఆ పేరు!

ఎల్విస్ తండ్రి వెర్నన్ 1934లో తన తండ్రి, అన్నదమ్ముల సాయంతో ఆ ఇల్లు కట్టాడు. కలపకి, సామాన్లకి కావలసిన 180 డాలర్లు ఓర్విల్ బీన్ అనే ఆసామి దగ్గర అప్పు చేశాడు. 1935 జనవరి 8న ఆ ఇంట్లోనే గ్లాడిస్ కవలల్ని కన్నది. మొదటి బిడ్డ కళ్లే తెరవలేదు. మరో 35 నిమిషాలకు పుట్టినవాడే ఎల్విస్. ఆ తర్వాత ఆమెకు మళ్లీ పిల్లలు దక్కలేదు.

వాడికి 15 నెలలప్పుడు, 1936 ఏప్రిల్ 5 రాత్రి, టుపెలోని సుడిగాలి కుదిపేసింది. అమెరికా చరిత్రలోనే అత్యంత ఘోరమైన సుడిగాలుల్లో అదొకటి. లెక్కకు వచ్చిన మరణాలే 200 దాటాయి. నల్లజాతి వాళ్ల చావుల్ని ఆ లెక్కలో సరిగా చేర్చనే లేదు. ప్రెస్లీల ఇల్లు నిలబడింది. కానీ ఆ ఇల్లు వాళ్లకి ఎక్కువ కాలం మిగల్లేదు. 1938లో వెర్నన్ ఓ చెక్కు మీద అంకెలు దిద్దిన కేసులో ఇరుక్కుని జైలుకెళ్లాడు. ఆ చెక్కు ఇచ్చింది మరెవరో కాదు, ఇంటికి అప్పిచ్చిన బీనే! శిక్ష మూడేళ్లు. సుమారు ఎనిమిది నెలలకు బయటికొచ్చాడు. ఈలోగా అప్పు తీర్చలేక ఇల్లు పోయింది. మూడేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని గ్లాడిస్ బంధువుల పంచన చేరింది.

అప్పట్నుంచీ ఆమెకి ఎల్విసే లోకం. వాణ్ని బడి దాకా తోడు వెళ్లి దిగబెట్టేది. కాలు కింద పెడితే కంగారు. అలాంటి మనిషి పదకొండేళ్ల ఒక్కగానొక్క కొడుకు చేతికి తుపాకీ ఇస్తుందా! పైగా డబ్బు మాటా ఉంది. ఎల్విస్ పుట్టకముందు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి గ్లాడిస్‌కి ముట్టింది రోజుకు 2 డాలర్లు. ఆ లెక్కన ఈ బుల్లి గిటార్ దాదాపు నాలుగు రోజుల కూలి.

గిటార్ అనే ఆలోచన మాత్రం ఊరికే రాలేదు. అంతకు మూడు నెలల ముందే, 1945 అక్టోబరు 3న, టుపెలో సంత మైదానంలో పిల్లల పాటల పోటీ జరిగింది. ఐదో తరగతి చెప్పే ఒలీటా గ్రైమ్స్ టీచర్ ఎల్విస్ గొంతు విని ముచ్చటపడింది. ఆవిడ చొరవతోనే వాడు పోటీకి వెళ్లాడు. మైకు అందక కుర్చీ ఎక్కి, వాయిద్యమేదీ లేకుండా పాడాడు. ఐదో స్థానం వచ్చిందని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. అదే రోజు అమ్మ చేతిలో దెబ్బలూ తిన్నానని, సంతలో ఏదో చక్రం ఎక్కినందుకే అయ్యుండాలని కూడా నవ్వుతూ గుర్తుచేసుకున్నాడు. తమాషా ఏంటంటే, ఆ ఒలీటా టీచర్ ఓర్విల్ బీన్ కూతురే. తండ్రి ఇల్లు లాక్కున్నాడు, కూతురు దారి చూపించింది. చిన్న ఊళ్లలో బంధాలు ఇలాగే చిత్రంగా అల్లుకుని ఉంటాయి.

తెగిన తీగలు

గిటార్ అయితే వచ్చింది, మరి నేర్పేదెవరు? బాబాయి ఒకాయన, మేనమామ ఒకాయన తలా కొంత చూపించారు. ఆ కుటుంబం వెళ్లే చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టర్ ఫ్రాంక్ స్మిత్ కొన్ని కార్డ్స్ నేర్పాడు. ఆ చిన్న చెక్క చర్చిని 2008లో ఎల్విస్ పుట్టిన ఇంటి ఆవరణలోకి తరలించారు. లోపల బల్లల మీద కూర్చుంటే గోడల మీద అప్పటి ప్రార్థనల్ని సినిమాలా చూపిస్తారు.

అసలు గురువు మాత్రం రేడియోలో దొరికాడు. స్థానిక స్టేషన్‌లో మిసిసిపీ స్లిమ్ అనే పేరుతో పాడే కార్వెల్ లీ ఆస్‌బోర్న్‌కి ఎల్విస్ వీరాభిమాని. ఆయన తమ్ముడేమో బళ్లో ఎల్విస్‌కి స్నేహితుడు. ఇంకేం, అన్న వెంట రేడియో స్టేషన్ చుట్టూ తిరగడమే పని. పన్నెండేళ్లప్పుడు రేడియోలో పాడే అవకాశం వస్తే మొదటిసారి భయంతో నోరు పెగల్లేదట. తర్వాతి వారం పాడాడు.

మైలమ్ స్కూల్లో చేరాక గిటార్ రోజూ వీపున వేసుకుని వెళ్లేవాడు. భోజనాల వేళ ఓ పక్కన కూర్చుని పాడుకునేవాడు. పట్నం పిల్లలకు అదో వేళాకోళం. పల్లెటూరి పాటలు పాడే లేకి కుర్రాడని ఏడిపించేవారు. ఎనిమిదో తరగతిలో కొందరు ఆకతాయిలు గిటార్ లాక్కుని తీగలు తెంపేశారు. కొత్త తీగలు కొనడానికి ఇంట్లో అడిగే పరిస్థితి లేదు. అప్పుడు తరగతిలోని మిగతా పిల్లలు తలా కొంత వేసుకుని కొత్త తీగలు కొనిచ్చారు. ఎల్విస్ కథలో ఈ సంగతిని చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. కానీ అమ్మ కొనిచ్చిన గిటార్ మళ్లీ మోగింది ఆ చిల్లర డబ్బుల వల్లే.

అప్పటికి ప్రెస్లీలు ఇళ్లు మారీ మారీ నల్లజాతి వాళ్లుండే వీధికి చేరారు. దగ్గర్లోనే షేక్ రాగ్ అనే పేట. అరుగుల మీద బ్లూస్ పాటలు, గుడారాల్లో దేవుడి పాటలు. తెల్లవాళ్ల బళ్లోకీ చర్చిలోకీ నల్లవాళ్లకు అడుగుపెట్టే వీల్లేని రోజులవి. పాటకి మాత్రం ఆ గోడలు అడ్డం రాలేదు. అక్కడ విన్నదీ చర్చిలో పాడిందీ రేడియోలో నేర్చిందీ అన్నీ ఆ ఆరు తీగల మీదే కలిశాయి. షేక్ రాగ్ ఇప్పుడు లేదు. పట్టణాన్ని బాగుచేసే పేరుతో 1960ల్లో పడగొట్టేశారు. మిగిలింది ఓ గుర్తుబోర్డు. పుట్టిన ఇంటికి ఇంత హంగు చేసిన ఊరు ఆ పేటలో ఒక్క వీధినైనా ఉంచుకోవాల్సింది!

1948 నవంబరులో వెర్నన్ పాత ప్లిమత్ కారులో సామాన్లు సర్దుకుని కుటుంబంతో మెంఫిస్‌కి బయల్దేరాడు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా రాత్రికి రాత్రే ఊరొదిలామని ఎల్విస్ తర్వాత చెప్పాడు. అలాంటి 1939 నాటి కారొకటి ఇప్పుడు ఇంటి ఆవరణలో నిలబెట్టారు. తర్వాతి కథ లోకానికి తెలిసిందే. 1954లో మొదటి రికార్డు, రెండేళ్లకల్లా అమెరికా అంతా ఊగిపోయింది.

1956 సెప్టెంబరు 26న టుపెలో సంత మైదానానికి తిరిగొచ్చాడు ఎల్విస్. పదకొండేళ్ల కిందట కుర్చీ ఎక్కి పాడిన చోటే! మేయర్ గిటార్ ఆకారంలో ఉన్న ఊరి తాళంచెవి ఇచ్చి సత్కరించాడు. జనాన్ని ఆపడం పోలీసుల తరం కాలేదు. గ్లాడిస్ ముందు కూర్చుని అంతా చూసింది. సంతోషించింది అనుకుంటాం. కానీ అక్కడికి వెళ్తే తామెంత బీదగా బతికామో గుర్తొచ్చి బాధేసిందని ఆమె తర్వాత దగ్గరివాళ్లతో అంది. మరో రెండేళ్లకే, 1958 ఆగస్టులో, 46 ఏళ్లకే కన్నుమూసింది. ఆ సంత మైదానంలో ఇప్పుడు సిటీహాలు, పార్కు ఉన్నాయి. అభిమానుల వైపు చెయ్యి చాచిన ఎల్విస్ విగ్రహాన్ని 2012లో అక్కడ పెట్టారు. హార్డ్‌వేర్ కొట్టు నుంచి నడిచి వెళ్లొచ్చు.

ఆకలేస్తే జానీస్ డ్రైవ్-ఇన్ ఉంది. 1945 నాటి హోటల్. మాంసం కరువైన రోజుల్లో పిండి కలిపి చేసిన డోబర్గర్ అక్కడి ప్రత్యేకత. ఎల్విస్ కూర్చునేవాడని చెప్పే బల్ల ఖాళీగా దొరకడం కష్టమే.

1957లో ఎల్విస్ మళ్లీ వచ్చి ఊరి పిల్లల కోసం ఉచితంగా కచేరీ చేశాడు. ఆ డబ్బుతో పట్టణం ఆ రెండు గదుల ఇంటినీ చుట్టూ 15 ఎకరాలనూ కొని పార్కు చేసింది. 180 డాలర్ల అప్పుకి పోయిన ఇంటిని చూడ్డానికి ఇప్పుడు టికెట్ కొనాలి. లోపలికి వెళ్లి, మంచం, పొయ్యి, వంటబల్ల చూసి బయటికి రావడానికి ఐదు నిమిషాలు చాలు. చాలామంది మాత్రం వెంటనే కదలరు. వసారాలో గొలుసులకు వేలాడే చెక్క ఉయ్యాల ఒకటుంది. దాని మీద వంతులవారీగా కూర్చుని, కాసేపు ఊగి వెళ్తారు.