ఊటీకి స్వెటరు, ఎండకు చొక్కా

బెంగళూరు బళేపేటకు పేరు తెచ్చినవి గాజుల కొట్లు, సంగీత వాద్యాల కొట్లు. అయినా ఇటు మెజెస్టిక్ బస్టాండు, అటు చిక్కపేట బట్టల బజారు ఉన్న పుణ్యాన సెలవుల ప్రయాణాలకు కావలసిన సరంజామా కూడా ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది. తెలుగులో బేరమాడినా చెల్లిపోయే ఈ వీధుల్లో మగవాడు సంచీ నింపుకునే పద్ధతి ఒకటే: ఊటీకైతే స్వెటరు, తిరుపతికైతే పల్చటి టీ షర్టు, గోవాకైతే నిక్కరు. అన్నీ వేడిని బట్టి ఎంచుకున్నవే. చర్మాన్ని కమిలించేది మాత్రం వేడి కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వాటి తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, ఊటీ 2,200 మీటర్ల పైన. పైగా ఏప్రిల్ 24 ప్రాంతంలో బెంగళూరులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు కాసేపు నీడే ఉండదు. చల్లగాలి తగులుతోంది కదా అని ఆ ఎండలో ఇంకో గంట తిరుగుతాం. విజయవాడలో అయితే ఆ పని చెయ్యం, ఉక్కే మనల్ని నీడకు తరుముతుంది.

అందుకే మగవాడి వేసవి చర్మరక్షణ మందుల షాపులో కాక బట్టల కొట్లో, పొడుగు చేతుల చొక్కాతో మొదలుకావాలంటాను. మార్కెట్ మాత్రం అతనికి మొదట అమ్మజూపింది రక్షణ కాదు, తెలుపు. మగవాళ్లకంటూ ‘ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్’ క్రీము 2005లో వచ్చింది. ముఖానికి క్రీమంటే తెల్లబడటానికే అన్న అపోహ దాంతో ఇంకాస్త గట్టిపడింది. ఆ మోజు లేనివాడు క్రీము జోలికే పోలేదు. నల్లటి ఒంటికి ఎండ ఏం చేస్తుందిలే అనే ధీమా అతనిది. అందులో నిజం లేకపోలేదు. మెలనిన్ గొప్ప కవచమే, తెల్లవాళ్లంత తేలిగ్గా మనం కమిలిపోం. కానీ బుగ్గలమీద మంగు రాకుండా, కంటికి శుక్లం రాకుండా ఆ కవచం పూర్తిగా కాపాడలేదు. ఎండ తగలకపోతే డి విటమిన్ ఎలా అంటారు మరికొందరు. ఇంటి దగ్గర రోజూ కాసేపు ఎండలో నడిస్తే దొరికేదాన్ని సెలవుల్లో నాలుగు మిట్టమధ్యాహ్నాల్లో మూటగట్టుకురాలేం.

పొడుగు చేతుల చొక్కాలో ఉడికిపోమా అన్నది అసలు అభ్యంతరం. బిగుతుగా ఉంటే ఉడికిపోతాం, వదులుగా ఉంటే గాలి ఆడుతుంది. ఎడారిలో తిరిగే బెదూయిన్ సంచారులు నల్లటి అంగీలు ఎందుకు తొడుగుతారని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వదులైన నల్ల అంగీలోనూ తెల్ల అంగీలోనూ చర్మానికి చేరే వేడి ఒకటేనని 1980లో ‘నేచర్’ పత్రికలో రాశారు. మన పొలాల్లో తలకు తువ్వాలు చుట్టుకునే రైతుకు ఎండలో గుడ్డ కప్పుకోవడమే నయమన్న సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే వేసవికి తెల్లటి పల్చని నూలే మేలన్న మన నమ్మకాన్ని కొంచెం సడలించుకోవాలి: పల్చటి తెల్ల టీ షర్టు ఈ కిరణాలను ఆపేది అంతంతమాత్రం, చెమటకో అలకో తడిస్తే మరీ తక్కువ. నేత ఒత్తుగా, రంగు ముదురుగా ఉన్న చొక్కా నయం. కొట్లో దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు, అవతలిది ఎంత కనిపిస్తోందో తెలిసిపోతుంది.

ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీన్ క్రీము వద్దనడం లేదు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది కమిలించే కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది, దళసరిగా రాస్తేనే. ఒంటికంతా ఒకసారి పూయడానికి సుమారు 30 మిల్లీలీటర్లు కావాలి, ఆరుబయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. నిక్కరు, బనియనుతో సముద్రపొడ్డున గడిపేవాడికి 50 మిల్లీలీటర్ల ట్యూబు ఒక్క పూటకు కూడా చాలదు. ఒంటినిండా చొక్కా, ప్యాంటు, అంచున్న టోపీ ఉన్నవాడికి అదే ట్యూబు ముక్కుకీ, చెవులకీ, మెడ వెనక్కీ, చెప్పుల్లోంచి బయటికి కనిపించే పాదాలకీ సెలవులు ముగిసేదాకా సరిపోతుంది.