విజయపురిలో సింహళ ఆచార్యులు

పరాయి దేశంలో తెలుగువాళ్లు దొరకడం తేలికే. పండక్కి పిలుస్తారు, పులిహోర పెడతారు. మనతో కలిసి ప్రశ్నించేవాళ్లు దొరకడమే కష్టం.

ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా మా మాచర్ల దగ్గరి నాగార్జునకొండ గుర్తొస్తుంది. 3వ శతాబ్దంలో అక్కడి విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. సింహళ థేరవాద ఆచార్యుల కోసం బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించిందని శాసనం చెబుతోంది. అదే లోయలో ఇతర బౌద్ధ శాఖలైన బహుశ్రుతీయులకీ, మహీశాసకులకీ, అపరమహావినశైలీయులకీ వేరే విహారాలు. అందరిదీ ఒకే బుద్ధుడు, అర్థం చేసుకున్న తీరే వేరు. సముద్రం దాటి వచ్చినవాళ్లకి అంతకన్నా మంచి ఇరుగుపొరుగు ఏముంటుంది! నాకైతే అచ్చం నాలాగే ఆలోచించేవాళ్లు అక్కర్లేదు. నా మాట విని, ఎందుకలా అని అడిగేవాళ్లు కావాలి.

డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ వాళ్లు 1998లో మొదలుపెట్టి చేస్తున్నది నాకు అందుకే ఇష్టం: ఒక పుస్తకం చదువుకొచ్చి కూర్చుని చర్చించడం. నడుమ పుస్తకం ఉంటే విభేదించినా మనసులు విరగవు.

మీరున్న ఊళ్లో అలాంటిది లేకపోతే ఇద్దరితోనైనా మొదలుపెట్టండి. ముందుగా మా వినుకొండ జాషువాగారి ‘గబ్బిలం’ తీసుకోండి. కులం ఊసెత్తకుండా ఆ పుస్తకం గురించి మాట్లాడటం కుదరదు.