లాల్‌బాగులోని పెద్దచెట్లు

ఏటేట వర్షకాలారంభమున మన పాఠశాలయందు వనమహోత్సవము జరుగుచున్నది. 1950 వ సంవత్సరమున కేంద్రమంత్రిగా నుండిన కె. ఎం. మున్షీగారు దేశమంతటను ప్రారంభింపజేసిన ఈ యుత్సవము మిగుల మేలైనది. బాలబాలికలు గుంట త్రవ్వి మొక్క నాటుదురు. పెద్దలు నీరు పోయుదురు. అందరును చప్పట్లు కొట్టుదురు. కాని నూరేండ్లుగా నిలిచియున్న చెట్టును నిలువనిచ్చుటకు మనకు ఉత్సవమేదియు లేదు. నాటుట ఒక దినపు పని. కాపాడుట తరతరముల పని. ఈ రెండవ పనినిగూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నున్నపుడు ప్రకృతిశాస్త్రము బోధించిన గురువుగారు, చెట్టునుగూర్చిన పాఠమును చెట్టు క్రిందనే చెప్పవలెనని మాకు బోధించిరి. మా చిత్తూరు సీమకు బెంగుళూరు సమీపమే గనుక, వీలు చిక్కినపుడెల్ల తొమ్మిదవ తరగతివారిని అచ్చటి లాల్‌బాగు తోటకు తోడ్కొనిపోవుచుందును. ఈ తోటను 1760 ప్రాంతమున హైదరాలీ ప్రారంభించెను. ఆయన కుమారుడు టిప్పు సుల్తాను దూరదేశములనుండి విత్తులను, మొక్కలను తెప్పించి దానిని పెంచెను. అటుపిమ్మట కామెరాన్, క్రుంబీగల్ మొదలగు తోటశాస్త్రజ్ఞులు దానిని విస్తరింపజేసిరి. 1889 లో పునాదిరాయి పడిన గాజుమేడయు, మూడువందల కోట్ల యేండ్ల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పు రాతిగుట్టయు నేటికిని అందు చూడదగినవి. మన యిండ్లలో కూర వండుకొను బెంగుళూరు వంకాయ సయితము లాల్‌బాగునుండియే ఈ సీమలకు వ్యాపించినదని చెప్పుదురు. కావున ఆ తోట పరాయివారిది కాదు. మన వంటయింటికిని దానికిని చుట్టరికము కలదు.

ఆ తోటలో తెల్లబూరుగ చెట్టొకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. దాని వయస్సు రెండువందల యేండ్లని అంచనా. మొదట గోడలవలె లేచిన దాని వేళ్ల నడుమ మా పిల్లలు పలువురు దాగికొనిరి. అప్పుడొక బాలుడు నన్నిట్లడిగెను: “అయ్యవారూ! ఒక చెట్టును కొట్టినచో పది మొక్కలు నాటుదుమని పెద్దలు చెప్పుచున్నారు గదా. అట్లయిన లాభమే గదా?”

నేను సమాధానము చెప్పక వానిచేత లెక్క చేయించితిని. నలువది అంగుళముల వ్యాసముగల పాత మామిడిచెట్టు ఒకటి యున్నదనుకొనుము. మనము నాటు మొక్క కాండము ఒక అంగుళము వ్యాసము కలదనుకొనుము. అడ్డుకోత వైశాల్యము వ్యాసముయొక్క వర్గమునుబట్టి యుండును. 40 ని 40 చేత గుణింపగా 1600. అనగా ఆ మామిడి మ్రాను ఒక్కటియే 1600 మొక్కల కాండములకు సమానము. పది నాటినచో, అవి యన్నియు బ్రదికినను, ఇంకను 1590 తక్కువ. బాలుడు పలక తుడిచి మరల గుణించెను, లెక్క మారలేదు.

ఇది కలపమాత్రపు లెక్క. చెట్టు తొఱ్ఱలో కాపురముండు గుడ్లగూబకును, చిలుకకును మన మొక్క గూడు కాజాలదు. తొఱ్ఱ పడుటకు చెట్టు ముదురవలెను, కొమ్మ విరుగవలెను, పలు వానలు కురియవలెను. కాలమును కొనితెచ్చుటకు ఏ అంగడియు లేదు.

ఇట్టి తోటకును గండము తప్పలేదు. ప్రభుత్వ ఉద్యానవనములను కాపాడుటకై కర్ణాటక రాష్ట్రమున 1975 లోనే చట్టము వెలసినది. అయినను 2009 లో మెట్రో రైలుమార్గము నిమిత్తము లాల్‌బాగు అంచున గోడ కూల్చి చెట్లు కొట్టిరి. పౌరులు, విద్యార్థులు గుమిగూడి అభ్యంతరము చెప్పిరి గాని, కొట్టిన చెట్టు మరల లేవదు గదా. తిరిగి 2025 లో నగరమున సొరంగపు రహదారి ప్రతిపాదన వచ్చినపుడు, ఈ తోట భూమి కొంత దానికి కావలసివచ్చునని తెలిసి జనులు మరల ఆందోళనపడిరి.

ఇచ్చట నేనొక సత్యము చెప్పవలెను. లాల్‌బాగు స్టేషను 2017 లో తెరవబడిన పిమ్మట మేము ఆ మెట్రో రైలులోనే పోయి అచ్చట దిగుచున్నాము. అది చౌక, సురక్షితము. దానివలన వీధులలో పొగ తగ్గును. కావున రైలు వలదని చెప్పుటకు నాకు నోరు రాదు. రైలును కావలెను, చెట్టును కావలెను. గీత ఎచ్చట గీయవలెననునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు స్వీడను దేశపు రాజధానియైన స్టాక్‌హోమ్ నగరమున ఒక ఉత్తరము దొరకినది. ఆ నగరము నడుమ కుంగ్స్‌ట్రాడ్‌గార్డెన్ అను తోట యున్నది. రాజుల తోటయని దాని యర్థము. ఒకప్పుడు అది రాజుగారి వంటశాలకు కాయగూరలు పండించిన పెరడు. తరువాత ప్రజలందరి విహారస్థలమయ్యెను. అందు ముదిరిన ఎల్ము వృక్షములు కొన్ని యుండెను. ఇవి మన నెమలినార చెట్టు కుటుంబమునకు చెందినవి. భూగర్భ రైలుస్టేషనునకు ద్వారము కట్టుటకై ఆ వృక్షములను నఱకుటకు నగరాధికారులు నిశ్చయించిరి. 1971 మే నెల 11 వ తేదీ రాత్రి రంపములు తెచ్చిరి. వేలకొలది జనులు పోలీసుల కంచెను త్రోసికొని వచ్చి చెట్లను చుట్టుముట్టిరి, కొందరు కొమ్మలపైకెక్కిరి. కొన్ని మ్రాకులకు రంపపు గాట్లు పడెను గాని చెట్లు పడలేదు. తుదకు అధికారులు స్టేషను ద్వారమును వేరొక చోటికి మార్చిరి. 1977 లో స్టేషను తెరవబడెను. రైలును నడచినది, చెట్లును నిలిచినవి. గుంపులుగా పోయి కలహింపుడని పిల్లలకు చెప్పుటకై దీనిని వ్రాయలేదు. కాగితముపై గీత జరుపుట సాధ్యమే యని నిరూపించుటకై వ్రాసితిని. రాత్రివేళ తోపులాట జరిగిన పిమ్మట జరిపిన గీతను, పగటివేళ బల్లయొద్ద కూర్చుండియే జరిపియుండవచ్చును గదా!

అయితే ఏ చెట్టునైనను ఎన్నడును ముట్టరాదా? అట్లనుట శాస్త్రము కాదు. కలకత్తా సమీపమున హౌరాలోని వృక్షశాస్త్రోద్యానము 1787 లో స్థాపింపబడెను. మన సామర్లకోటలో పనిచేసి, తెలుగుసీమ మొక్కలను వాని తెలుగు పేర్లతోసహా వర్ణించిన రాక్స్‌బర్గు దొర 1793 లో ఆ తోటకు అధికారియై పోయెను. అందలి మహావటవృక్షము లోకప్రసిద్ధము. 1864 లోను, 1867 లోను వచ్చిన తుపానులచే అది గాయపడెను. గాయములగుండ బూజు ప్రవేశించి నడిమి మొదలు కుళ్లెను. 1925 లో ఆ మొదలును తొలగించిరి. ఊడల బలముచేత తక్కిన వృక్షము నేటికిని వర్ధిల్లుచున్నది. ఆ ఊడలు మూడువేలకు పైబడినవి. ఇదియు చెట్టు కోతయే. కాని ఇది వైద్యుని కత్తి. చెట్టు బ్రదుకుటకై కోసిన కోతకును, మన సౌకర్యమునకై కోసిన కోతకును గల భేదమును మనమెఱుగవలెను. అపాయకరమైన కొమ్మను తీయుడు. మొదలు కుళ్లినదో లేదో తెలిసినవారిచేత పరీక్ష చేయింపుడు. ఆపైన నిర్ణయింపుడు.

గొడ్డలి లేకుండగనే చెట్టును చంపువారును కలరు. చెట్టునకు ఆహారమునిచ్చు సన్నని వేళ్లలో పెక్కులు నేల పైపొరలోని రెండు మూడడుగులలోనే యుండును. కొమ్మల నీడను దాటియు వ్యాపించియుండును. మొదలుచుట్టు సిమెంటు పోసినను, వేళ్లమీదుగ కాలువ త్రవ్వినను, బండ్లు త్రొక్కి నేల గట్టిపడినను వేరునకు గాలియు నీరును అందవు. చెట్టు రెండు మూడేండ్లు కొనయూపిరితో నిలిచి, పిమ్మట ఎండును. అప్పుడు, “ఎండిన చెట్టే గదా” అని కొట్టుదురు.

ఈ మాటలు మనకు దూరపు మాటలు కావు. మన పట్టణపు పాత ఉద్యానవనమున నడకబాటను వెడల్పు చేయుటకై నాలుగు నిద్రగన్నేరు చెట్లను తీయవలెనను ఆలోచన ఈ యేడు బయలుదేరినది. మన తొమ్మిదవ తరగతివారు తాడును, కొలబద్దను తీసికొనిపోయి ఆ చెట్ల చుట్టుకొలతను, వాని నడుమనున్న దూరమును కొలిచి పటము గీసిరి. బాట ఎనిమిదడుగులు తూర్పునకు వంగినచో నాలుగు చెట్లును నిలుచునని ఆ పటము తెలుపుచున్నది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము చెట్టు కొట్టుటకు ముందు అనుమతి పొందవలెను గనుక, అడుగుటకు ఇంకను సమయమున్నది. పటమును, విన్నపమును పురపాలక కార్యాలయమున సమర్పించితిమి. నిర్ణయమింకను వెలువడలేదు.

తల్లిదండ్రులారా! ఆ విన్నపముపై మీ చేవ్రాలు కూడ నుండిన దానికి బలము కలుగును. ప్రతి పాఠశాల ప్రాంగణముననున్న పెద్దచెట్ల పేర్లను, చుట్టుకొలతలను ఒక పుస్తకమున వ్రాసి, ఏటేట మరల కొలుచుట మంచి పని. లెక్కలో చేరిన చెట్టును గుట్టుగా కొట్టుట కష్టము. వచ్చు సోమవారము సాయంకాలము నాలుగు గంటలకు మన ప్రాంగణమున ఈ పని ప్రారంభింతుము. తాడు నేను తెచ్చెదను. విద్యార్థులు పుస్తకమును, పెన్సిలును తెచ్చుకొనవలెను.