పారబోసే పొడిలోనే పాఠం

హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో, లేత్ మిషన్ల మోత ఆగని ఒక సందులో, మంటలార్పే సిలిండర్లను విప్పి, బాగుచేసి, తిరిగి నింపే చిన్న వర్క్‌షాపు ఉంది. రేకుల షెడ్డు, ముందు సిమెంటు గచ్చు, గచ్చు మీద వరసగా ఎర్ర సిలిండర్లు. ఆస్పత్రుల నుంచి, బడుల నుంచి, అపార్ట్‌మెంట్ల నుంచి గడువు తీరి వచ్చినవి అవి. నేను వెళ్లేసరికి ఒక పనివాడు ఒక్కోదాన్ని ఎత్తి, తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. లోపల పొడి ఇసుకలా జారిన చప్పుడు వినిపిస్తే పక్కన పెడుతున్నాడు. వినిపించకపోతే రబ్బరు సుత్తితో అడుగున నాలుగు దెబ్బలు వేసి మళ్లీ వింటున్నాడు. ఒకటి మాత్రం ఎంత తట్టినా పలకలేదు. దాని గేజిలో ముల్లు పచ్చగీత నడుమ బుద్ధిగా నిలబడి ఉంది. "ముల్లును చూసి మోసపోవద్దు సార్. గాలి నిండుగనే ఉంది, పొడి గడ్డకట్టింది. నొక్కితే గాలొస్తది, పొడి రాదు" అన్నాడతను. ఆ రోజు అక్కడ చూసినదంతా ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానంలా తోచింది. గోడకు తగిలించిన సిలిండరు పచ్చగీత చూపించినంత మాత్రాన మనకు రక్షణ ఉన్నట్టు కాదు. లోపలి పొడి జారాలి, బయట పట్టుకునే చేతికి పని తెలియాలి. మొదటిదాన్ని పరీక్షించడానికి ఇలాంటి వర్క్‌షాపులున్నాయి. రెండోదాన్ని పరీక్షించే చోటు మన ఊళ్లలో దాదాపు లేదు. దాన్ని పరీక్షించగల సరుకు మాత్రం ఏటా ఇలాంటి షెడ్లలో చెత్త సంచుల్లోకి పోతోంది.

సిలిండరు తల విప్పేముందు లోపలి ఒత్తిడి తీసేయాలి. అందుకు వాళ్లు చేసే పనిని శ్రద్ధగా చూస్తే యంత్రం గుట్టంతా తెలిసిపోతుంది. సిలిండరును తలకిందులుగా పట్టుకుని పిడి నొక్కుతారు. బుస్సుమని గాలి పోతుందే తప్ప పొడి రాదు. తల నుంచి దాదాపు అట్టడుగు దాకా లోపల ఒక సన్నని గొట్టం ఉంటుంది. సిలిండరు నిటారుగా ఉన్నప్పుడు ఆ గొట్టం మూతి పొడిలో మునిగి ఉంటుంది, పొడి మీద ఉన్న ఖాళీలో నైట్రోజన్ బిగించి ఉంటుంది. పిడి నొక్కగానే నైట్రోజన్ పొడిని కిందికి తొక్కుతుంది, పొడి గొట్టంలోంచి పైకెగసి నాజిల్ గుండా బయటపడుతుంది. తలకిందులు చేస్తే గొట్టం మూతి గాలిలోకి తేలుతుంది కాబట్టి గాలి ఒక్కటే పోతుంది. వర్క్‌షాపులో ఇది ఉపాయం. మంట ముందు ఇదే పొరపాటు. కంగారులో సిలిండరును చంకలో అడ్డంగా ఇరికించుకుని నొక్కేవారు తెలియకుండానే గాలిని వృథా చేసి, సగం పొడిని లోపలే మిగిల్చేస్తారు. సాధారణంగా ఈ సిలిండర్లలో నింపే ఒత్తిడి 15 బార్ల దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అంటే దానికి ఆరేడు రెట్లు. మామూలు గాలి కాకుండా నైట్రోజన్ ఎందుకంటే, మామూలు గాలిలోని తేమ పొడిని గడ్డ కట్టిస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో జార్జ్ మాన్‌బీ తయారుచేసిన రాగి పాత్రలోనూ సూత్రం ఇదే. దాదాపు 3 గ్యాలన్ల పొటాషియం కార్బొనేట్ ద్రావణం, దాన్ని తోయడానికి బిగించిన గాలి. రెండు వందల ఏళ్లలో లోపలి మందు మారింది, పట్టుకునే మనిషి పని మారలేదు.

ఆ మందును గుప్పెట్లోకి తీసుకుని చూశాను. మైదా కంటే నునుపు, నీటిలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దాని పేరు మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. డ్రిప్పు కింద కూరగాయలు పండించే మన రైతులకు ఇది 12-61-0 పేరుతో బాగా తెలిసిన ఎరువే. సిలిండరులో పోసేదాన్ని ఇంకా మెత్తగా నూరి, తేమ అంటకుండా సిలికోన్ పూత పూస్తారు. మంట నిలవాలంటే కాలే సరుకు, ప్రాణవాయువు, వేడి, వాటి మధ్య ఆగకుండా సాగే రసాయన గొలుసు, ఈ నాలుగూ కావాలి. పొడి రేణువులు మంటలోకి దూసుకెళ్లి ఆ గొలుసును తెంపుతాయి. అందుకే మంట నిమిషాలు తీసుకోకుండా క్షణాల్లో పడిపోతుంది. కట్టె, బట్ట, కాగితం మీద పడ్డ పొడి వేడికి కరిగి జిగురుపొరలా పరుచుకుని గాలి తగలనివ్వదు. కానీ ఒక పని ఇది పెద్దగా చేయలేదు, చల్లార్చలేదు. పరుపు లోపల, దూదిబేలు లోపల నిప్పు కణకణలాడుతూనే ఉంటుంది. పైన మంట ఆరిందని వెనుదిరిగిన నిమిషానికి మళ్లీ రాజుకుంటుంది. మంట ఆరాక కూడా కళ్లు దాని మీదే ఉంచి వెనక్కి అడుగులేయాలని, ఆ తర్వాత నీళ్లు పోయాలని చెప్పేది ఇందుకే.

గచ్చు చివర ఒక 6 కిలోల సిలిండరును నా ముందే నిటారుగా నిలబెట్టి ఖాళీ చేశారు. పిన్ను లాగడంతో ప్లాస్టిక్ సీలు పుటుక్కుమని తెగింది. పిడి నొక్కగానే చెవులు చిల్లులుపడే శబ్దం, చేతిలో గొట్టం వెనక్కి తన్నడం, ఎదురుగా తెల్లని మేఘం. లోలోపల లెక్కపెట్టుకుంటూ ఉన్నాను, ఇరవై దాటకముందే అయిపోయింది. కార్లలో పెట్టుకునే 1 కిలో బుడ్డి అయితే ఎనిమిది, పది సెకన్ల పనే. ఎవరికైనా మనసులో నాటుకోవలసిన సంగతి ఇది. సిలిండరు అంటే సెకన్ల మూట. ఆ సెకన్లలో మొదటి మూడు తడబడి గురి వెతుక్కోవడానికి, తర్వాతి నాలుగు ఎగిసే మంట నాలుకల మీద పొడి చల్లడానికి పోతే ఆ చిన్న బుడ్డిలో దాదాపు ఏమీ మిగలదు. చేయవలసింది నాలుగే పనులు. పిన్ను లాగాలి. ఆరేడు అడుగుల దూరంలో నిలబడి మంట మొదలుకు గురిపెట్టాలి. పిడి నొక్కాలి. వాకిలి ఊడ్చినట్టు అటూ ఇటూ ఊడుస్తూ ముందుకు కదలాలి. నాలుగు వాక్యాలూ సిలిండరు మీద బొమ్మలతో సహా అచ్చువేసే ఉంటాయి. అయితే ఈత గురించి చదివినవాడు నీళ్లలో తేలడు. పిడి నొక్కితే చేయి ఎలా తన్నుకుంటుందో, మేఘం లేచాక ముందున్నది ఎలా కనిపించకుండా పోతుందో ఒక్కసారి ఎరిగిన చేతికే ఆ నాలుగు పనులూ వరసలో వస్తాయి.

షెడ్డులో ఒక పక్క నల్లని కొమ్ములాంటి హార్న్ ఉన్న సీఓటూ సిలిండర్లు ఉన్నాయి. వీటికి గేజి ఉండదు. లోపల బొగ్గుపులుసు వాయువు తన ఒత్తిడికి తానే ద్రవమై ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఆ ఒత్తిడి 57 బార్లు, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ద్రవం ఎంత మిగిలిందో ఒత్తిడి చెప్పదు కాబట్టి తూకమే దారి. తరాజు మీద పెట్టి, మెడ మీద కొట్టిన ఖాళీ బరువు తీసేసి, పదో వంతు తగ్గినా తిరిగి నింపుతారు. బయటికి వచ్చే మంచుపొడి మైనస్ 78 డిగ్రీలుంటుంది, అందుకే హార్న్‌ను ఉత్త చేత్తో పట్టుకోకూడదు. పొడి పడితే పాడయ్యే కంప్యూటర్లకు, కరెంటు ప్యానెళ్లకు ఇది మేలు. మూసిన చిన్న గదిలో వాడితే మాత్రం మనిషికే ఊపిరాడదు. పొయ్యి మీద భగ్గుమన్న నూనెకు ఈ రెండూ సరైన మందులు కావు. పొడి నూనెను చల్లార్చదు, రెండింటి విసురుకూ నూనె చిందుతుంది. మంట కట్టేసి మూత పెట్టడమే ఇంటి వైద్యం. హోటళ్ల వంటశాలలకు నూనెను సబ్బులా మార్చే పొటాషియం ద్రావణపు సిలిండర్లు వేరే ఉన్నాయి. గ్యాసు లీకై మండుతుంటే ముందు రెగ్యులేటరు కట్టాలి. గ్యాసు ఆపకుండా మంటనొక్కదాన్నే ఆర్పితే, గది నిండిన గ్యాసు ఏ చిన్న రవ్వకైనా పేలుతుంది. ఏ మంటకు ఏది అన్న ఈ వివేకం కూడా చేతి శిక్షణలో భాగమే.

ఇక అసలు సంగతి. షెడ్డు వెనక గోడకు ఆనించి బియ్యం బస్తాలంత సంచులు పేర్చి ఉన్నాయి. గడువు తీరిన సిలిండర్లలోంచి తీసేసిన పాత పొడి అది. అందులో ఎక్కువ భాగం చక్కగా జారే పొడే. ఎవరి చేతా ప్రయోగానికి నోచుకోకుండా, గోడ మీద ఏళ్లు గడిపి, నేరుగా సంచిలోకి వచ్చింది. ఈ పొడిని ఎలాగూ ఖాళీ చేయాలి. ఖాళీ చేసేది వర్క్‌షాపు గచ్చు మీద కాకుండా ఆ ఆస్పత్రి ఆవరణలో, ఆ బడి మైదానంలో, ఆ అపార్ట్‌మెంటు పార్కింగు పక్కన ఖాళీ స్థలంలో జరగాలన్నది నా వాదన. నింపేవాళ్లు బండి తెస్తారు, సిలిండర్లు ఎక్కించుకోవడానికి ముందు అరగంట ఆగితే చాలు. నర్సులు, వాచ్‌మన్లు, వంటమనుషులు, ఉపాధ్యాయులు తలా ఒక సిలిండరు తీసి నొక్కుతారు. అగ్నిమాపక సిబ్బంది తోడుంటే ఇనుప తట్టలో చిన్న మంట పెట్టి ఆర్పించవచ్చు. వాళ్లు లేని చోట మంటే అక్కర్లేదు, గురికి ఒక ఖాళీ బకెట్టు చాలు. బరువు, తన్ను, శబ్దం, సెకన్లు అన్నీ అందులోనే తెలుస్తాయి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిది. మంటలార్పడం మామూలు మనుషుల పని కాదు, ధైర్యం నూరిపోస్తే బయటికి పరుగెత్తాల్సినవాళ్లు లోపల ఉండిపోయి ప్రాణాలు పోగొట్టుకుంటారని. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. అలాంటి పొగ ముందు చేతి సిలిండరు దేనికీ పనికిరాదు. వేడెక్కి చెలరేగిన లిథియం బ్యాటరీ మీద పొడి చల్లినా పైమంట తగ్గుతుందేమో గానీ లోపలి వేడి చల్లారదు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ హద్దు తెలిసేదీ సాధన వల్లనే. సిలిండరు ఇరవై సెకన్లే వస్తుందని చేత్తో ఎరిగినవారు చెత్తబుట్టంత మంటకు ఎదురు నిలుస్తారు, నిలువెత్తు మంట నుంచి వెనుదిరుగుతారు. ఎరగనివారే సిలిండరును బ్రహ్మాస్త్రమనుకుని పొగలోకి దూరుతారు. అందుకే సాధనలో మొదటి పాఠం పిన్ను కాదు, తలుపు. ముందు అందరినీ కేకేసి బయటికి పంపాలి, 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయించాలి, తలుపు వీపు వెనక ఉండేలా నిలబడాలి. ఒక్క సిలిండరుతో ఆరకపోతే తలుపు దగ్గరికి లాగి వచ్చేయాలి.

రెండో అభ్యంతరం ఖర్చు, చెత్త గురించి. సిలిండర్లన్నీ ఒకేసారి ఖాళీ చేస్తే భవనానికి దిక్కేమిటని అడుగుతారు. సగం ఈసారి, సగం తర్వాతి విడతలో చేయవచ్చు, తీసుకెళ్లిన వాటి స్థానంలో నింపేవాళ్లు తాత్కాలికంగా వేరేవి పెట్టవచ్చు. అయినా నింపకం ఖర్చు ఎలాగూ కట్టేదే, సాధనకు అదనంగా పోయేది అరగంట సమయం. పొడి ఊపిరితిత్తులకు, కళ్లకు ఇబ్బందే కాబట్టి ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడాలి. కింద టార్పాలిన్ పరిస్తే ఊడ్చి ఎత్తుకోవచ్చు. గడువు తీరనిదాన్ని మాత్రం సరదాకు ఒక్క క్షణం నొక్కి గోడకు తగిలించడం ప్రమాదం. పొడి రేణువులు వాల్వు సందులో ఇరుక్కుని గాలి మెల్లగా కారిపోతుంది. ఒకసారి నొక్కినదాన్ని నింపాల్సిందే. మూడో మాట, పైకప్పు స్ప్రింక్లర్లుండగా ఈ తిప్పలెందుకని. స్ప్రింక్లరు పైకప్పు దగ్గర గాలి దాదాపు 68 డిగ్రీలకు వేడెక్కాక పగులుతుంది. దానికి ముందున్న నిమిషం మనిషిది. పైగా మన ఇళ్లలో, చిన్న దుకాణాల్లో, కార్లలో స్ప్రింక్లర్లు ఎక్కడున్నాయి? కారులో ఆ 1 కిలో బుడ్డి కూడా డిక్కీలో సామాను కింద ఉంటే లేనట్టే. డ్రైవరు చేతికి అందాలి, బానెట్ పూర్తిగా ఎత్తకుండా సందులోంచి కొట్టాలి. ఇవన్నీ యంత్రానికి నేర్పేవి కావు.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుకొంటాం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ పేలి బలైన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృతికి అది నివాళి. గడువు తీరిన సిలిండర్లను ఆ వారంలో ప్రజల చేతికివ్వడం కంటే తగిన నివాళి నాకు తోచదు.

బయల్దేరేముందు ఆ పలకని సిలిండరును విప్పారు. లోపల పొడి కొబ్బరిచిప్పలా గోడకు అతుక్కుని ఉంది, కడ్డీతో పొడిస్తే పెళ్లలుగా ఊడింది. దాని మెడకు వేలాడే చీటీ చదివాను. నింపిన తేదీ, మళ్లీ నింపాల్సిన తేదీ, పరీక్షించిన తేదీ, సంతకం. ఇంకొక్క గడి చాలు, దీన్ని ఎవరెవరు నొక్కి చూశారో రాయడానికి. ఆ గడిలో నాలుగు పేర్లున్న భవనంలో పిల్లల్ని నిశ్చింతగా పడుకోబెట్టవచ్చు.