స్థిరాస్తి

నేల కదలదన్నది రైతుబిడ్డకు ఉగ్గుపాలతో అబ్బే నమ్మకం. పశువులు పోవచ్చు, పంట పోవచ్చు, పొలం మాత్రం ఎక్కడికీ పోదు. దస్తావేజుల్లో కూడా దాన్ని ‘స్థిరాస్తి’ అనే రాస్తారు. డిగ్రీలో భూగర్భశాస్త్రం తీసుకున్నాక నాకు తెలిసిందేమంటే, ఆ మాట పుట్టించినవాడు పాపం భూమి సంగతి ఎరగడు!

మాది విజయనగరం వైపు కొండకింద పల్లె. మా చేను వెనక కొండరాయి పేరు ఖొండలైటు. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరది. పగలగొడితే దానిమ్మ గింజల్లాంటి గార్నెట్లు కనిపిస్తాయి. ఒకప్పుడు అది నీళ్లడుగున పేరుకున్న మట్టీ ఇసుకానూ. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట మన నేలకూ అంటార్కిటికా నేలకూ మధ్యనున్న సముద్రం మూసుకుపోయి రెండూ ఢీకొన్నాయంటారు శాస్త్రజ్ఞులు. ఆ మట్టి లోతుకు దిగి, 900 డిగ్రీల వేడిలో ఉడికి, రాయై పైకి లేచింది. అవే మన తూర్పు కనుమలు. వాటి ఈడు రాళ్లు ఇవాళ అంటార్కిటికాలోనూ ఉన్నాయి. 2012లో మనవాళ్లు ‘భారతి’ పరిశోధన కేంద్రం తెరిచిన లార్స్‌మన్ కొండలు ఒకనాడు మన తూర్పు తీరానికి ఎదురిల్లు!

కలిసినవి కలిసే ఉండలేదు. గోండ్వానా అనే ఉమ్మడి ఖండం ముక్కలైంది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మనం అంటార్కిటికా నుంచి వేరుపడ్డాం. ఆ చీలికలో పుట్టిందే బంగాళాఖాతం. ఉత్తరాన టెథిస్ సముద్రం మూసుకుపోయి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దుకున్నాం. హిమాలయాలు లేచాయి. ఒకచోట సముద్రం తెరుచుకుంటే ఇంకొకచోట మూసుకోవాలి. భూగోళం పెరగదు కదా!

ఎలా కదులుతుంది? బెల్లం పెనం చూసినవాళ్లకు కొంత అర్థమవుతుంది. అడుగున వేడెక్కిన రసం పైకి పొంగి నురగను పక్కలకు నెడుతుంది. భూమి లోపల ఉన్నది రసం కాదు, రాయే. కాని ఆ వేడికి కోట్ల ఏళ్లలో అదీ మెల్లగా పారుతుంది. పైగా చల్లబడి బరువెక్కిన సముద్రపు నేల లోపలికి కుంగుతూ తన వెనకున్న పలకను లాగుతుంది. 1912లో వెజెనర్ ఖండాలు కదులుతాయంటే చాలామంది నవ్వారు. ఆయన 1930లో గ్రీన్‌లాండు మంచులో చనిపోయాడు. సముద్రపు అడుగు నుంచి సాక్ష్యం వచ్చింది 1960ల్లో.

ఇదంతా సెలవుల్లో మా నాన్నకు చెప్పాను. “ఏడాదికి ఐదు సెంటీమీటర్ల లెక్కన, నేను పుట్టాక మన చేను మీటరు దూరం ఈశాన్యంగా జరిగింది నాన్నా” అన్నాను.

ఆయన చుట్ట ఆర్పి, “మరి గట్టో?” అన్నాడు.

మాకూ చిన్నాన్నకూ మధ్య ఆ గట్టు మీదే తగువు. మూరెడు వెడల్పు కోసం పన్నెండేళ్లుగా కోర్టు వాయిదాలు. అన్నదమ్ములకు మాటల్లేవు.

“గట్టూ జరిగింది, చిన్నాన్న చేనూ జరిగింది. అన్నీ కలిసే.”

“అయితే ఏటిరా లాభం? మూరెడు మూరెడే కదా!”

ఆయన అన్నదీ నిజమే. ఒకే పలక మీద ఉన్నవన్నీ కలిసి ప్రయాణం చేస్తాయి గాని, మధ్యనున్న ఎడం తగ్గదు. దాన్ని తగ్గించడం భూమి పని కాదు.

ఈ వైశాఖంలో చిన్నాన్న కూతురి పెళ్లి. మాకు పిలుపు వస్తుందో రాదో తెలీదు. ఖండాలకైతే కోట్ల ఏళ్ల వ్యవధి ఉంది. పిలిచినా పిలవకపోయినా నేను వెళ్తాను. ఎంత దూరం గనక? గట్టు దాటితే వాళ్ల ఇల్లే.